బెంగళూరులో ఉంటూ ఆసియా అండర్‌గ్రౌండ్ సంగీతంలోకి దిగడం ఎలా

బెంగళూరుకి వచ్చిన కొత్తలో బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉండేవాణ్ణి. గదిలో ముగ్గురం. మదనపల్లె నుంచి వచ్చిన అన్న ఒకాయన ఓ రాత్రి తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టి, "కాసేపు మాట్లాడకుండా వినరా" అన్నాడు. ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టు ఒక తీగవాద్యం. దాని కింద మెల్లగా లేచిన గిటార్లు. ఉన్నట్టుండి కొండచరియ విరిగిపడ్డంత చప్పుడు. ఆ బ్యాండ్ పేరు జంబినాయ్, వాళ్లది కొరియా. అప్పటిదాకా కొరియా సంగీతం అంటే మా చెల్లెలు ఫోన్లో చూసే డాన్స్ పాటలే నాకు తెలుసు. ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

ఇన్నేళ్లలో చాలామంది నన్ను అడిగారు, ఈ సంగీతం ఎక్కడ మొదలుపెట్టాలని. ఆసియాతో మొదలుపెట్టొద్దు. టోక్యో నుంచి బేరూత్ దాకా ఉన్న సంగీతాన్ని వరసపెట్టి వినాలనుకుంటే మొదటి వారంలోనే విసుగొస్తుంది. ఒక్క పాటతో మొదలుపెట్టండి. ఆ పాట చుట్టూ ఉన్న మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లండి. ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, వాళ్లు ఇంకెవరితో కలిసి పనిచేశారు అని చూసుకుంటూ పోతే చాలు. ఈ పద్ధతినే వివరంగా చెబుతాను.

కావలసినవి ఎక్కువ లేవు. ఇయర్‌ఫోన్స్, వైరున్నవైనా సరే. ఒక నోట్‌బుక్. వారానికి రెండు గంటలు. వీలైతే నెలకి ఐదు వందల రూపాయలు.

ముందుగా: ఇది మనకు కొత్త కాదు

మనకు పాట అంటే సినిమా పాటే కదా, ఇండీ అంటే ఏమిటి అని కొందరు అడుగుతారు. పెద్ద కంపెనీ, పెద్ద పెట్టుబడి, సినిమా లేకుండా, పాడేవాళ్లే తమ పాటను తామే జనం దగ్గరికి తీసుకెళ్లడమే ఇండీ. గద్దర్ పాట, వంగపండు పాట సినిమాలోకి వెళ్లకముందే ఊరూరా తిరిగాయి. ఇప్పుడు తెలంగాణ జానపద పాటలు ఏ సినిమాతోనూ పని లేకుండా యూట్యూబ్‌లో వచ్చి పెళ్లి బరాత్‌ల దాకా వెళ్తున్నాయి. ఆ పాటలు విన్న చెవి మీకు ఉంటే, జకార్తాలోనో తైపేలోనో ఒక కుర్రాడు గదిలో కూర్చుని చేసిన పాట మీకు పరాయిదిగా అనిపించదు.

భాష తెలియదే అన్న బెంగ కూడా వదిలేయండి. రామనవమి రోజుల్లో చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానానికి వెళ్లి చూడండి. తెలుగు రాని కన్నడిగులు, తమిళులు త్యాగరాజ కీర్తన విని కళ్లు తుడుచుకుంటారు. మన భాష విషయంలో వాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే, కొరియన్ భాష విషయంలో మనమూ చేయొచ్చు.

మొదటి పని: మీ చెవికి తగిన గుమ్మం ఎంచుకోండి

మీకు ఇప్పటికే ఏది ఇష్టమో దాన్నిబట్టి గుమ్మం ఎంచుకోండి. ఎవరో గొప్పదన్నారని మొదలుపెట్టకండి.

హరికథ, బుర్రకథ విన్నవాళ్లయితే లీనల్చి అనే సియోల్ బ్యాండ్‌తో మొదలుపెట్టండి. కొరియాలో పాన్సోరి అని ఒక కథాగానం ఉంది. ఒక గాయకుడు, ఒక డోలు, గంటల తరబడి కథ. లీనల్చి వాళ్లు ఆ కథల్ని తీసుకుని రెండు బేస్ గిటార్లు (లోతైన, బరువైన స్వరాలు పలికే గిటార్లు), డ్రమ్స్ మీద నిలబెట్టారు. మామూలు గిటార్ అసలు లేదు. అందుకే నలుగురు గాయకుల గొంతులకు అంత చోటు దొరికింది. ఇందాక చెప్పిన జంబినాయ్‌దీ దాదాపు ఇదే దారి, కాకపోతే చాలా బరువైన సంగీతం. హెగుమ్ అనే రెండు తీగల వాద్యం, ఒళ్లో పెట్టుకుని వాయించే గొముంగో, పిరి అనే సన్నాయిలాంటిది రాక్‌తో కలుస్తాయి. 2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకలో వాయించింది వీళ్లే.

డప్పు దరువుకి కాలు ఆగదు అంటే చెన్నై చాలు, దూరం వెళ్లనక్కర్లేదు. ది కాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరిలో మొదటిసారి వేదిక ఎక్కింది. దర్శకుడు పా రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి నిలబెట్టిన బృందం. ఉత్తర చెన్నైలో గానా అనే వీధిపాట, పరై అనే డప్పు, రాప్, రాక్ అన్నీ ఒకేచోట ఉంటాయి, కులం గురించి నేరుగా మాట్లాడతారు. తమిళం కాబట్టి సగం మాటలు మనకు అర్థమవుతాయి కూడా. ఆ తర్వాత థాయ్‌లాండ్ ఈశాన్యానికి వెళ్లండి. అక్కడి మోలామ్ అనే జానపద గానంలో వెదురుగొట్టాలతో చేసిన ఖేన్ అనే నోటి వాద్యం, పిన్ అనే తీగవాద్యం ఉంటాయి. పారడైజ్ బ్యాంకాక్ మోలామ్ ఇంటర్నేషనల్ బ్యాండ్ వాటిని నేటి వేదిక మీదికి తెచ్చింది.

మెటల్ ఇష్టమా? ఇండోనేషియాలో గారుత్ అనే చిన్న ఊళ్లో, ఇస్లామిక్ బడిలో చదువుకున్న ముగ్గురు అమ్మాయిలు 2014లో వాయిస్ ఆఫ్ బాచెప్రోత్ మొదలుపెట్టారు. బాచెప్రోత్ అంటే వాళ్ల సుండా భాషలో గోల చేసేది అని అర్థం. 2024లో ఇంగ్లండ్ గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు. అక్కడ వాయించిన తొలి ఇండోనేషియా బ్యాండ్ అదే. తైవాన్ మెటల్ బ్యాండ్ థోనిక్ గాయకుడు ఫ్రెడ్డీ లిమ్ అయితే 2016లో ఎన్నికల్లో నిలబడి శాసనసభకే వెళ్లాడు. మన బెంగళూరు క్రిప్టోస్ 1998 నుంచీ హెవీ మెటల్ వాయిస్తోంది.

మెత్తటి పాట కావాలంటే తైవాన్ సన్‌సెట్ రోలర్‌కోస్టర్ వినండి.

ఒకటే ఎంచుకోండి. మిగతావి నోట్‌బుక్‌లో రాసి పక్కన పెట్టండి. నెలరోజులు ఒకే గుమ్మం.

రెండో పని: వినే పద్ధతి మార్చుకోండి

పాటకి ముప్పై సెకన్లు ఇచ్చి పక్కకి తోసేసే అలవాటు మనందరికీ వచ్చేసింది. ఈ సంగీతానికి ఆ అలవాటు పనికిరాదు. ఆల్బమ్ మొత్తం, వేసిన వరసలోనే, మూడుసార్లు వినండి. మొదటిసారి ఏమీ చదవకుండా. రెండోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని, ఉదాహరణకి బేస్ గిటార్ మాత్రమే. మూడోసారి మాటల అనువాదం ముందు పెట్టుకుని. అనువాదం మొదటే చదివితే చెవి పని మానేసి కళ్లు పని చేస్తాయి. నా అనుభవంలో మూడోసారి వరకూ ఆగినవాళ్లకే అది ఎక్కింది.

బెంగళూరు ట్రాఫిక్ ఈ ఒక్క విషయంలో మనకు మేలు చేస్తుంది. జపాన్ బ్యాండ్ ఫిష్‌మాన్స్ 1996లో లాంగ్ సీజన్ అని ఒక ఆల్బమ్ చేసింది. ఆల్బమ్ అంతా ఒకటే పాట, దాదాపు 35 నిమిషాలు. సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు ఎక్కి మారతహళ్లి చేరేలోపు ఒకసారి పూర్తవుతుంది, కొన్ని రోజులు రెండుసార్లు కూడా. కిటికీ పక్క సీటు దొరికిన రోజు విని చూడండి. నీళ్లలో తేలుతున్నట్టు ఉండే పాట అది. గాయకుడు షింజీ సాతో 1999లో, 33 ఏళ్లకే పోయాడు. ఆ సంగతి తెలిశాక అదే పాట ఇంకోలా వినిపిస్తుంది. అందుకే మొదటిసారి ఏమీ చదవొద్దన్నాను.

మూడో పని: దారం పట్టుకోండి

అసలైన పని ఇదే. దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక ఉదాహరణతో చూపిస్తాను.

మరియా తకెఉచి పాడిన ప్లాస్టిక్ లవ్ మీరు వినే ఉంటారు. 1984 పాట. 2017లో ఎవరో యూట్యూబ్‌లో పెడితే ప్రపంచమంతా పాకింది. చాలామంది అక్కడే ఆగి, అలాంటివే ఇంకో యాభై పాటలు యాప్‌నే వేయమంటారు. మీరు అలా చేయకండి. పాట రాసి కట్టింది ఆమే, కానీ దానికి వాద్యాలు అమర్చి (అరేంజ్‌మెంట్) చేసిందెవరో చూడండి. ఆమె భర్త తత్సురో యమషిత. నోట్‌బుక్‌లో రాసుకోండి. అంతకుముందు ఆయన ఏం చేసేవాడు? షుగర్ బేబ్ అనే బ్యాండ్‌లో ఉండేవాడు. 1975లో ఒకే ఒక్క ఆల్బమ్ చేశారు. ఆ ఆల్బమ్ ఎవరి లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) మీద వచ్చింది? ఎఇచి ఒతకి సొంత లేబుల్ నయాగరా. ఒతకి ఎవరు? హ్యాపీ ఎండ్ అనే బ్యాండ్ సభ్యుడు. అదే బ్యాండ్‌లో బేస్ వాయించిన హరుఒమి హొసొనో 1978లో ఎల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా మొదలుపెట్టి ఎలక్ట్రానిక్ సంగీతాన్నే మలుపు తిప్పాడు.

ఒక్క పాట నుంచి నాలుగైదు అడుగుల్లో జపాన్ సంగీత చరిత్రలో ముఖ్యమైన మలుపు దగ్గరికి వచ్చేశారు. హ్యాపీ ఎండ్ పాటలు చేస్తున్న 1970, 71 ప్రాంతంలో జపాన్‌లో ఒక పెద్ద వాదన నడిచింది. రాక్‌ని జపనీస్‌లో పాడొచ్చా, ఇంగ్లీషులోనే పాడాలా అని. వాళ్లు జపనీస్‌లో పాడి చూపించారు. తెలుగులో రాక్ కుదరదురా అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. యాప్ చేతికి వదిలేసి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు.

ఇలా దారం పట్టుకోవడానికి నేను వాడేవి కొన్ని చెబుతాను.

బ్యాండ్‌క్యాంప్: 2008 నుంచి ఉన్న సైటు. స్వతంత్ర సంగీతకారులు తమ ఆల్బమ్‌లు తామే పెట్టి అమ్ముకునే చోటు. ఆల్బమ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ట్యాగులు ఉంటాయి. సంగీతం రకం, ఊరి పేరు. ఊరి పేరు నొక్కండి. బాండుంగ్, బుసాన్, ఖాట్మండు, బెంగళూరు, ఏదైనా. ఆ ఊరి బ్యాండ్‌లన్నీ వరసగా వస్తాయి. అదే పేజీలో ఆ ఆల్బమ్ కొన్నవాళ్ల చిన్న ఫొటోలు కనిపిస్తాయి. ఒకటి నొక్కితే ఆ మనిషి ఇంకేం కొన్నాడో చూడొచ్చు. మీకు బాగా నచ్చిన ఆల్బమ్‌ని కొన్న మనిషి మిగతా సేకరణ కన్నా మంచి సలహా ఏదీ ఉండదు. కొరియా నుంచి పరన్నోల్ అనే పేరుతో, అసలు పేరు చెప్పని ఒక విద్యార్థి గదిలో కంప్యూటర్ మీద చేసిన ఆల్బమ్ 2021లో ఇలాగే ఒకరి నుంచి ఒకరికి పాకింది.

రెండోది సొంత లిపి. చాలామంది వదిలేసే పని ఇదే. బ్యాండ్ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే ఆ దేశం బయటివాళ్లు రాసినవే ఎక్కువ వస్తాయి. ఫోన్లో ఉన్న అనువాద యాప్‌లో "ఇండీ బ్యాండ్ లైవ్" అని కొట్టి కొరియన్‌లోకో థాయ్‌లోకో మార్చి, ఆ అక్షరాలు కాపీ చేసి యూట్యూబ్‌లో పెట్టండి. వందమంది కూడా చూడని వీడియోలు, ఇరుకు క్లబ్బుల్లో తీసినవి, అప్పుడు బయటపడతాయి. తెలుగు పాటని తెలుగు లిపిలో వెతికినప్పుడూ ఇదే జరుగుతుంది, మీరు గమనించే ఉంటారు.

మూడోది చిన్న లేబుళ్లు, మనుషులు నడిపే రేడియోలు. బీజింగ్‌లో 2007లో మొదలైన మేబీ మార్స్, బ్యాంకాక్ జుద్రంగ్మా లాంటి లేబుల్ ఒకటి నచ్చితే వాళ్లు వేసినవన్నీ ఒకసారి తిరగేయండి. ఢిల్లీ నుంచి 2017లో మొదలైన బాక్సవుట్ ఎఫ్ఎం ఆన్‌లైన్ రేడియోలో మన దేశపు కొత్త సంగీతం దొరుకుతుంది. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు, వింటే తెలుస్తుంది.

నాలుగో పని: ఎందుకు అండర్‌గ్రౌండ్ అయిందో తెలుసుకోండి

అండర్‌గ్రౌండ్ అన్న మాటను స్టైల్ కోసం వాడేవాళ్లు ఉన్నారు. ఆసియాలో చాలాచోట్ల అది స్టైల్ కాదు, ప్రాణభయం. దేశం ఏదైనా, ఆల్బమ్ వచ్చిన ఏడాదిలో అక్కడ ఏం జరుగుతోందో పది నిమిషాలు చదవండి.

ఇండోనేషియాలో 1965లో కూస్ సోదరులను బీటిల్స్ తరహా పాటలు వాయించినందుకు జైల్లో పెట్టారు. తర్వాత వాళ్లే కూస్ ప్లస్ అయి దేశమంతా పాడుకునే పాటలు చేశారు. కొరియాలో రాక్ పితామహుడనే షిన్ జుంగ్‌హ్యోన్‌ని సైనిక పాలకుణ్ణి పొగుడుతూ పాట చేయమని అడిగితే ఒప్పుకోలేదు. 1975లో గంజాయి కేసులో అరెస్టు చేసి ఆయన సంగీతాన్ని నిషేధించారు. ఆయన సంగీతంలో కిమ్ జంగ్ మి పాడిన 1973 ఆల్బమ్ నౌ వినండి. అంత హాయిగా, ఎండలో నడుస్తున్నట్టు ఉండే పాటల వెనక రెండేళ్లలో ఏం రాబోతోందో తెలిశాక గుండె బరువెక్కుతుంది.

చైనా కథ వేరు. పాశ్చాత్య కంపెనీలు అమ్ముడుపోని క్యాసెట్లకీ సీడీలకీ అంచున ఒక గాటు పెట్టి, ప్లాస్టిక్ చెత్త కింద చైనాకి పంపేసేవి. 1990ల్లో కుర్రాళ్లు ఆ చెత్తలోంచి ఏరి వీధుల్లో అమ్మేవారు. దకౌ అనేవారు వాటిని, గాటు పడినవి అని. సీడీలో పాటలు లోపలి నుంచి అంచు వైపుకి వరసగా ఉంటాయి కాబట్టి, గాటు లోతుగా పడితే ఆఖరి పాటలు పోతాయి. ఆల్బమ్‌లో చివరి పాట ఎలా ఉంటుందో తెలియకుండానే ఒక తరం సంగీతం నేర్చుకుంది. బీజింగ్ రాక్ బ్యాండ్‌లు చాలావరకు ఆ తరం నుంచి వచ్చినవే.

ఇక కంబోడియా. 1960ల్లో, 70ల మొదట్లో ఫ్నోంపెన్‌లో సిన్ సిసముత్, రొస్ సెరెయ్ సొథియా, పెన్ రన్ పాటలు మన పాత సినిమా పాటలంత తియ్యగా, అమెరికా సముద్రతీరపు రాక్ తరహా సర్ఫ్ గిటార్లతో ఉండేవి. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చి లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ ముగ్గురూ తిరిగి రాలేదు. వాళ్ల గొంతులు మిగిలింది జనం దాచుకున్న రికార్డుల్లో, క్యాసెట్ల మీద.

ఇక్కడే ఒక జాగ్రత్త. 1996లో కంబోడియన్ రాక్స్ అని ఒక సంకలనం అమెరికాలో వచ్చింది. దాని వల్లే ప్రపంచం ఈ పాటలు విన్నది, నిజమే. కానీ అట్ట మీద ఒక్క గాయకుడి పేరూ లేదు, ఒక్క పాట పేరూ లేదు. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే కష్టంగా ఉంటుంది. కాబట్టి పాత పాటల సంకలనం కొనేముందు రెండు విషయాలు చూడండి. పాడినవాళ్ల పేర్లు ఉన్నాయా? కళాకారులకో వాళ్ల కుటుంబాలకో డబ్బు వెళ్తుందని ఎక్కడైనా రాశారా? రెండూ లేకపోతే వినండి, కొనకండి. పేర్లు మాత్రం మీరే వెతికి నోట్‌బుక్‌లో రాయండి.

ఐదో పని: బయటికి వెళ్లి ఎదురుగా వినండి

ఫోన్లో విన్నది సగమే. బెంగళూరులో ఉండి లైవ్ షోకి వెళ్లకపోవడం అన్యాయం. 1996లో మొదలైన థర్మల్ అండ్ ఎ క్వార్టర్, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపిన ఆగమ్, సంత శిశునాళ షరీఫ్ పదాల్ని కొత్త తరానికి వినిపించిన రఘు దీక్షిత్, అందరూ ఈ ఊరివాళ్లే. చెన్నైలో బంధువులుంటే వెళ్లినప్పుడు ది ఎఫ్16స్, జటాయు షోలు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి.

క్లబ్బుల్ని కాక బ్యాండ్‌లని ఫాలో అవ్వండి. ఇందిరానగర్‌లో ది హమ్మింగ్ ట్రీ 2013లో తెరిచి ఎన్నో బ్యాండ్‌లకు ఇల్లయింది, 2019లో మూతపడింది. చోట్లు మారతాయి, వాయించేవాళ్లు ఇంకోచోట కనిపిస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్యాండ్‌నీ, పోస్టర్‌లో దాని పక్కన పేరున్న బ్యాండ్‌నీ ఫాలో అయితే మీ దారం నగరంలో కూడా సాగుతుంది. బార్ వాతావరణం నచ్చనివాళ్లు దోమ్లూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ కార్యక్రమాలు చూడండి. సోఫార్ సౌండ్స్ వాళ్ల చిన్న కచేరీలూ బాగుంటాయి. నలభై యాభైమంది నేల మీద కూర్చుంటారు, ఫోన్లు పక్కన పెట్టేస్తారు.

నా మొదటి షోలో రెండు పొరపాట్లు చేశాను. టికెట్ మీద ఎనిమిది అని ఉంటే ఏడున్నరకే వెళ్లి నిలబడ్డాను. బ్యాండ్ పావు తక్కువ పదికి మొదలుపెట్టింది. ఆఖరి మెట్రో పోయింది, ఇంటికి ఆటోకి టికెట్ కన్నా ఎక్కువైంది. వెళ్లేముందు ఆఖరి రైలు టైమ్ చూసుకోండి, తిరిగొచ్చే దారి ఎవరితోనైనా కలిసి ఉండేలా మాట్లాడుకోండి. అమ్మాయిలైతే ఇది మరీ ముఖ్యం. రెండో పొరపాటు, స్పీకర్ పక్కనే నిలబడ్డాను. రెండు రోజులు చెవుల్లో కూత. 100 డెసిబెల్స్ చప్పుడులో కాపుదల లేకుండా పావుగంట మించి ఉండకూడదని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. క్లబ్బుల్లో అంత చప్పుడు మామూలే. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, జేబులో పెట్టుకోండి. నిలబడడానికి మంచి చోటు సౌండ్ ఇంజనీరు బల్ల ముందు. ఆయన తన చెవికి బాగుండేలా సరిచేస్తాడు కాబట్టి అక్కడ బాగా వినిపిస్తుంది.

షో అయ్యాక వెంటనే వెళ్లిపోకండి. వాయించినవాళ్లు వైర్లు చుట్టుకుంటూ ఉంటారు. దగ్గరికెళ్లి బాగుంది అని చెప్పి, "మీరు ఈ మధ్య ఎవర్ని వింటున్నారు?" అని అడగండి. నా నోట్‌బుక్‌లో మంచి పేర్లన్నీ అలా వచ్చినవే.

ఆరో పని: డబ్బు పెట్టి కొనండి

స్ట్రీమింగ్‌లో పాటకి కళాకారుడికి చేరేది పైసల్లో ఉంటుంది. నచ్చిన ఆల్బమ్‌ని నెలకి ఒకటి కొనండి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదులుకుంటుంది. ఏ శుక్రవారాలో సైట్లో ప్రకటిస్తారు, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజు కొనండి. మన కార్డులతో ఒక చిక్కు ఉంది. అంతర్జాతీయ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసి, పరిమితి వెయ్యి రూపాయలు పెట్టుకుని, కొన్నాక మళ్లీ ఆపేయండి. విదేశాల నుంచి వినైల్ రికార్డులు తెప్పించుకోవద్దని నా సలహా. పోస్టేజీ, కస్టమ్స్ కలిపి రికార్డు ధర దాటిపోవచ్చు. ఆ డబ్బుతో నాలుగు డిజిటల్ ఆల్బమ్‌లు వస్తాయి.

ఏడో పని: గదిలో నలుగురితో కలిసి వినండి

ఇప్పుడు నేను ఉండేది మారతహళ్లిలో. నెలకో ఆదివారం సాయంత్రం మా హాల్లో చాప పరిచి ఐదారుగురం కూర్చుంటాం. కడప, విజయనగరం, ఖమ్మం, అన్ని చోట్లవాళ్లూ ఉన్నారు. పద్ధతి ఇది. ఒక్కొక్కరు ఒక్క పాట తెస్తారు. వేసేముందు ఏమీ చెప్పరు. పాట నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. అయ్యాక తెచ్చినవాళ్లు రెండు నిమిషాలు చెబుతారు, ఎక్కడిది, ఎవరు, తనకి ఎలా దొరికింది అని. దారం చెప్పడం తప్పనిసరి. యాప్ వేసింది అంటే ఒప్పుకోం, ఇంకో పాట తీసుకురమ్మంటాం. టీ, మిరపకాయ బజ్జీలు తర్వాతే.

పోయిన నెల ఖమ్మం తమ్ముడు ఒకడు పేరు చెప్పకుండా ఒక పాట వేశాడు. సింథసైజర్ మీద భైరవ్ రాగం, కింద ఆగకుండా కొట్టే యంత్రపు దరువు. నిన్నగాక మొన్న బెర్లిన్‌లో చేశారేమో అనుకున్నాం. ముంబై సినిమా పాటలకి వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన రికార్డు అది. అమ్ముడుపోక మరుగునపడి, 2010లో మళ్లీ బయటికొచ్చింది. ఎలా దొరికిందిరా అని అడిగితే వాడు నోట్‌బుక్ తెరిచి చూపించాడు. థాయ్ మోలామ్ దగ్గర మొదలుపెట్టి, తొమ్మిది పేర్లు దాటి అక్కడికి చేరాడు. ఆ తొమ్మిదీ మేం అందరం రాసుకున్నాం. వచ్చే ఆదివారానికి వాటిలో నాలుగోది నా వంతుకి వచ్చింది.